రాడ్డా, వైరా

మా మేనేజరుకి గాలంటే లెక్కలేదు. "గాలిదేముంది మేడమ్, టెంటు కట్టేస్తే సరి" అంటాడు. ఏసీ గదిలో కూర్చుని గాలి గురించి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని సైటులో అందరూ అంటారు. అననీ.

సంగతి ఇది. మా సైటులో ఎత్తయిన ఉక్కు పీపా ఒకటి నిలబెట్టాలి. దాన్ని మేం వెసెల్ అంటాం. లోపల గ్యాసును విపరీతమైన ఒత్తిడితో నింపుతారు, అందుకే దాని గోడ బెత్తెడు మందం. ఒకే ముక్కగా చేసి తెస్తే దారిలో ఏ వంతెనా ఆ బరువు మొయ్యదు. కాబట్టి ఫ్యాక్టరీలో రెండు ముక్కలుగా చేసి పంపారు. కింది ముక్కను పునాది మీద నిలబెట్టాం. పై ముక్కను క్రేనుతో ఎత్తి దాని మీద కూర్చోబెట్టి, చుట్టూరా అతికించాలి. ఆ ఒక్క చుట్టు జాయింటు మాత్రం ఇక్కడే, ఆరుబయట, పరంజా మీద నిలబడి వెయ్యాలి. ఏ పద్ధతిలో వెయ్యాలో తేల్చాల్సింది వెల్డింగ్ ఇంజనీరు. అంటే నేను.

ఫ్యాక్టరీలో అయితే ఏ బాధా లేదు. పీపాను పడుకోబెట్టి రోలర్ల మీద తిప్పుతుంటే మెషిను దానంతటదే వేసుకుపోతుంది. నిలబెట్టినదాన్ని ఎవడు తిప్పుతాడు? చుట్టూ పట్టాలు బిగిస్తే వాటి మీద తిరిగే మెషిను ఒకటి ఉందిగానీ, అది ఇంకెక్కడో పనిలో ఉంది, ఇప్పట్లో రాదన్నారు. ఇక మిగిలినవి రెండు. ఒకటి వైరు. చేతిలో తుపాకీలాంటిది పట్టుకుంటే తీగ ఆగకుండా వస్తూ ఉంటుంది, కరిగిన లోహానికి బయటి గాలి తగలకుండా పక్కనుంచి గ్యాసు ఊదుతుంది. పని చకచకా అవుతుంది. రెండోది రాడ్డు, పాతకాలపు చేతిపని. ఒక్కో రాడ్డూ కాల్చాలి, పైన గట్టిపడ్డ పెచ్చును సుత్తితో కొట్టి రాల్చాలి, మళ్ళీ ఇంకో రాడ్డు పట్టాలి. నత్తనడక. కానీ రాడ్డుకు పూత ఉంటుంది. ఆ పూతే కరిగి లోహాన్ని కప్పుతుంది కాబట్టి మామూలు గాలి దాన్నేమీ చెయ్యలేదు.

మేనేజరుకి వైరు కావాలి. నాకు రాడ్డు కావాలి.

"టెంటు కట్టించండి సార్, వద్దనను," అన్నాను మీటింగులో. "బెత్తెడు ఉక్కును ముందు పెనంలా వేడిచేసి, ఆ వేడి దిగకుండా చూసుకుంటూ వెయ్యాలి. లేకపోతే తర్వాత పగులుతుంది. ఆ పెనాన్ని ఆనుకుని, నాలుగు పక్కలా మూసేసిన టెంటులో మనిషి ఎంతసేపుంటాడు? ఊపిరాడక తెర ఎత్తుతాడు. నేనైనా ఎత్తుతాను. మీరైతే అసలు లోపలికే రారు. తెర ఎత్తగానే గాలికి గ్యాసు కొట్టుకుపోతుంది. లోహం నిండా బుడగలు."

"తెర ఎత్తొద్దని గట్టిగా చెప్తాం."

"ఊపిరి పీల్చొద్దని కూడా గట్టిగా చెప్పండి."

గదిలో వాళ్ళు నవ్వును దగ్గులోకి దింపేశారు. మేనేజరు నవ్వలేదు. పెన్నుకు తీరిగ్గా మూత పెట్టి, "మనలో మాట మేడమ్. ఇక్కడ ఇంత మందం రాడ్డుతో వేసినవాడు మీ అన్నయ్య ఒక్కడే కదా?" అన్నాడు.

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అది అబద్ధం కాదు. మా అన్నయ్యను సైటులో కుట్టుమిషన్ అంటారు. తను వేసిన జాయింటు చూస్తే ఒక్కో వరసా కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఆ పేరు తెలియని కాంట్రాక్టరు లేడు ఒకప్పుడు. వైరు వచ్చింది, తనకు పిలుపులు తగ్గాయి. ఇప్పుడు పైపుల కింద ఆసరా ముక్కలు అతికించే పనిలో పడేశారు. ఈ వెసెల్ కూడా వైరుతోనే పోతే తనను ఇంటికి పంపేస్తారని నా భయం. రాడ్డుతో అయితే మళ్ళీ తలెత్తుకు తిరుగుతాడు. ఇదంతా నా మనసులో లేదా? ఉంది. గాలి సంగతి అబద్ధమా? అదీ కాదు. రెండూ నిజమే అయినప్పుడు ఏది ముందని అడిగేవాడికి నేనేం చెప్పను!

"మా అన్నయ్య పుట్టకపోయినా ఇదే చెప్తాను సార్," అన్నాను చివరికి. "నమ్మకపోతే ఒక ప్లేటు మీద వైరు వేయించి చూడండి. అదే పరంజా మీద, మీ టెంటులోనే."

వేయించారు. ఇద్దరు కుర్ర వెల్డర్లు టెంటులోకి దిగారు. మొదటివాడు కాసేపటికే తెర పైకి చుట్టి తల బయటపెట్టి ఆయాసపడ్డాడు. రెండోవాడు అసలు తెర దింపనే లేదు. ప్లేటును అడ్డంగా కోయించి మేనేజరు టేబిల్ మీద పెట్టాను. కోసిన చోట చెదపురుగులు తొలిచిన కర్రలా కన్నాలు. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి, కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు.

"సరే, రాడ్డే," అన్నాడు. "కానీ రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. రాడ్డు పట్టే ప్రతివాడికీ కొత్తగా టెస్టు. క్లయింటు ఇన్‌స్పెక్టరు ఎదురుగా. మీ అన్నయ్యతో సహా. వాళ్ళు వేసిన ప్లేటుకు తీసే ఎక్స్‌రే ఫిల్ము మీరే చదవండి, ఫలితం మీరే రాయండి. అప్పుడు ఎవరి నోరైనా మూతపడుతుంది."

"మా అన్నయ్యకు టెస్టా సార్!" అని పకపకా నవ్వాను. అంత ధైర్యం నాది.

ఆ నవ్వుతోనే అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. ఖాళీ కేబుల్ చక్రం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చెప్పింది విని, గ్లాసు కింద పెట్టాడు. ఈమధ్య తనకు ఒక అలవాటైంది, మనిషి మొహంకేసి తిన్నగా చూడడు, తల కాస్త పక్కకు వాల్చి చూస్తాడు. కుట్టుమిషన్‌కి కళ్ళు నెత్తికెక్కాయని కుర్రాళ్ళు అనుకునేవాళ్ళు. మెడ పట్టేసిందేమో అనుకునేదాన్ని నేను.

"వైరే పెట్టించెయ్యలేకపోయావా అమ్మాయ్?" అన్నాడు.

తెల్లమొహం వేశాను. "ఏం మాట అన్నయ్యా అది? నీ కోసం వాళ్ళందరితో తగాదా పడి వస్తే!"

"నా కోసం పడ్డావా, గాలి కోసం పడ్డావా?"

"నువ్వూ ఆ మేనేజరులాగే మాట్లాడకు."

"అది కాదే. ఫోర్‌మన్‌తో మాట్లాడుకున్నాను. వైరు పెడితే నన్ను హీటర్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. ఉక్కు వేడి తగ్గకుండా చూసుకోవడమే. కూర్చుని చేసే పని. ఈ వయసులో నాకెందుకు చెప్పు పరంజాలూ, టెస్టులూ?"

"వయసట, వయసు! చాలించు, సోమరిపోతు మాటలు," అని విసుక్కుని వచ్చేశాను. తను నా వెనకాల ఇంకేదో అన్నాడు. నేను చెవిన పెట్టలేదు.

టెస్టుకు ముందు వర్కుషాపులో అందరూ ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకడి చెయ్యి ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. నా హెల్మెట్ ఆఫీసులో మర్చిపోయాను. గోడకు అన్నయ్యది వేలాడుతుంటే తీసి పెట్టుకున్నాను. ఎదుటివాడు రాడ్డు అంటించాడు. అమ్మో! ఎవరో కళ్ళలో కారం కొట్టినట్టయింది. హెల్మెట్ విసిరేసి, చీర కొంగు కళ్ళకు అదుముకుని కూర్చుండిపోయాను. నీళ్ళు కారడం ఆగాక, దానికి బిగించిన నల్లద్దం ఊడదీసి మూల మీద చెక్కిన నంబరు చూశాను. ఎనిమిది.

రాడ్డు పనికి పదకొండో నంబరు అద్దం పెట్టుకోవాలి. వేడి ఎక్కువైతే పన్నెండు. నంబరు తగ్గేకొద్దీ అద్దం పలచన, వెలుగు ఎక్కువ. ఎనిమిదితో ఈ పని చెయ్యడమంటే మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి పట్టుకుని చూస్తూ కూర్చోవడమే.

సామాన్ల షెడ్డు వెనకాల అన్నయ్య టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. అద్దం తన ఒళ్ళో పడేశాను.

"ఇదెవరిది?"

చేత్తో తడిమాడు. "నాదే."

"ఎన్నాళ్ళనుంచి?"

నేను అక్కడనుంచి కదలనని అర్థమయ్యాక, డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. "నలభై దాటాక దగ్గరివి ఆనడం మానేశాయి. కరిగే అంచు మసకగా ఉండేది. అద్దం ఒక నంబరు తగ్గించి చూశా. తేటగా కనిపించింది. తర్వాత అదీ మసకేసింది. ఇంకోటి తగ్గించా."

"నలభై దాటితే అందరికీ అంతే కదన్నయ్యా! హెల్మెట్‌లో చదువుకునే అద్దం ఒకటి పెట్టుకుంటే పోయేదిగా!"

"కళ్ళజోడు వెల్డర్ని ఎవడు పిలుస్తాడే? ఒక్కడు చూస్తే చాలు, కుట్టుమిషన్ పనైపోయిందని ఊరంతా టముకు వేస్తారు."

కొట్టాలన్నంత కోపం వచ్చింది. "ఇప్పుడెలా ఉంది? నా మొహం కనిపిస్తోందా?"

"చెవులు కనిపిస్తున్నాయి," అని నవ్వబోయాడు. "జుట్టు కనిపిస్తోంది. మధ్యలో బూడిద పూసినట్టుంటుంది. పక్కకు చూస్తే కొంచెం తెలుస్తుంది. చప్పుడును బట్టి వేస్తాలే. రాడ్డు సరిగ్గా కాలుతుంటే ఒక చిటపట ఉంటుంది, తప్పితే చప్పుడు మారుతుంది. ఆసరా ముక్కలకు అది చాలు."

తన పక్కనే మట్టిలో కూలబడ్డాను. వైరు పెట్టించమని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. టెస్టు పోతే కళ్ళ పరీక్షకు పంపుతారు. కళ్ళ పరీక్ష పోతే గేటు దాటనివ్వరు, హీటర్ల దగ్గరికి కూడా. ఆ టెస్టును తన నెత్తిన తెచ్చిపెట్టింది నేనే.

వదినకు తెలుసో లేదోనని ఇంటికి వెళ్ళి అడిగాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. "మంచినీళ్ళ గ్లాసు చేతికి అందించాలి. టేబిల్ మీద పెడితే వెతుక్కుంటారు," అంది, నాకేసి చూడకుండా. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నువ్వు ఊరుకోవు కదా, నలుగురిలో అరిచేస్తావని."

బలవంతాన కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చుక్కలు వేసి, చీకటి గదిలో దీపం పెట్టి చాలాసేపు చూశాడు. కంటి వెనక పొరలో నడిమి భాగం మాడి మచ్చ కట్టిందట. శుక్లం అయితే తీసెయ్యొచ్చు, ఇది తీసేది కాదట. జోడు పెట్టినా రాదట. ఇంకా చెడకుండా ఉండాలంటే ఆ పని మానెయ్యాలట. "ఇంతకుముందే వచ్చి ఉంటే" అని మొదలుపెట్టాడు. వదిన చేతులు జోడించి, "ఆ మాట మాత్రం అనకండి బాబూ," అంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచను. వైరుకు ఒప్పుకుందామనే వెళ్ళాను. రెండు పొరల టెంటు, బయటినుంచి గాలి తోసే ఫ్యాను, మనుషుల్ని గంటగంటకూ మార్చడం, ఇలా ఏవేవో దారులు దారంతా అల్లుకుంటూ వెళ్ళాను. నా నోట ఆ మాట వస్తే చాలు, ఎగిరి గంతేస్తాడు. రాడ్డుండదు, టెస్టుండదు. అన్నయ్య హీటర్ల దగ్గర కూర్చుంటాడు, సాయంత్రం ఇంటికొస్తాడు.

"ఏంటి మేడమ్, పొద్దున్నే?" అన్నాడు మేనేజరు. "రాడ్డు మీద మనసు మారిందా? ఇప్పటికైనా మించిపోయింది లేదు."

ఆ కోసిన ముక్క టేబిల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా కూర్చుని ఉంది. కన్నాలు నాకేసే ఉన్నాయి. ఫ్యాను పెడితే టెంటులో గాలి ఆడుతుంది, గాలి ఆడితే గ్యాసు నిలవదు. ఈ ముక్క నేను కోయించిందే. రేపు ఆ పీపా పక్కన ఎవరెవరు డ్యూటీ చేస్తారో, వాళ్ళకూ అన్నయ్యలుంటారు, చెల్లెళ్ళుంటారు. ఛీ, నా చదువు తగలెయ్య!

"లేదు సార్," అన్నాను. "టెస్టు ప్లేట్లు వచ్చాయా అని అడుగుదామని."

బయటికొచ్చి పరంజా నీడలో నిలబడి ఏడ్చాను. ఎవరో చూశారు, చూడనీ అనుకున్నాను.

ఇక మిగిలిన దారి ఒక్కటే. అన్నయ్యను బతిమాలాను. "జ్వరమని పడుకో. టెస్టుకు రాకు. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతేముంది? నాలుగు రోజులకు మళ్ళీ పిలుస్తారు."

"అప్పటికి ఏదో ఒకటి చేస్తాను."

"ఏం చేస్తావే?" అన్నాడు. తల పక్కకు వాల్చి నన్ను చూసే ప్రయత్నం చేశాడు. "విను. నువ్వు నా కోసమే రాడ్డు పెట్టించావని సైటంతా గుసగుస. నేను మొహం చాటేస్తే అది నిజమైపోతుంది. రేపు నువ్వు ఇంకో జాయింటు గురించి నోరు విప్పితే, అప్పుడూ ఎవడో ఒకడు అన్నయ్య పేరెత్తుతాడు. వేస్తాను. దేవుడు దయతలిస్తే నెగ్గుతాను. పోతే, సొంత అన్ననే పీకేసిందిరా, దీనితో పెట్టుకోకూడదు అంటారు. నీకు అదే మంచిది."

"నీ మంచి నాకొద్దు."

"వద్దంటే ఎవడు వింటాడు, మొండిఘటం నువ్వొక్కదానివేనా?" అని నా నెత్తి మీద మొట్టాడు. గురి తప్పి చెవికి తగిలింది.

టెస్టు రోజున పదకొండో నంబరు అద్దం నా చేత్తో తన హెల్మెట్‌లో బిగించాను. ఏ నంబరైనా తనకు ఒకటే ఇప్పుడు. ప్లేట్లను నిలువుగా నిలబెట్టారు, వెసెల్‌లో జాయింటు ఎలా ఉంటుందో అలాగే, అడ్డంగా గాడి. ఆ పనిలో పై అంచే ప్రాణం తీస్తుంది. కరిగిన లోహం కిందికి జారాలని చూస్తుంది. దాన్ని పైకి పట్టి పై అంచుకు అంటుకునేలా చెయ్యాలి. అంచు కంటికి ఆనకపోతే అంతా బాగానే అంటినట్టు ఉంటుంది, లోపల సందు మిగిలిపోతుంది.

షెడ్డులో ఒకేసారి అందరినీ నిలబెట్టాడు ఇన్‌స్పెక్టరు. నేను ఒక్కొక్కరినీ విడిగా పిలుద్దామన్నాను. "ఎందుకు మేడమ్, ఆలస్యం," అన్నాడు. అందరి రాడ్లూ ఒక్కసారి అంటుకున్నాయి. ఈ మూల గ్రైండరు, ఆ మూల సుత్తి. ఆ గోలలో తన రాడ్డు చిటపట తనకెలా వినిపిస్తుంది? అన్నయ్య రాడ్డు కాలుస్తూ, చెవి ప్లేటుకు దగ్గరగా పెడుతున్నాడు. నిప్పురవ్వలు మెడ మీద పడుతున్నాయి. దులుపుకోవడం లేదు. ఒకసారి ఆగి, పెచ్చు రాల్చి, వేసిన వరస మీద చేతితొడుగు తీసేసి వేలు పెట్టి చూసుకున్నాడు. వేడి ఉక్కు మీద ఉత్త వేలు!

పైకి చూస్తే ప్లేటు బాగానే ఉంది. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి చూసి తల ఊపాడు. "పేరుకు తగ్గట్టే ఉంది," అన్నాడు. నాలో పిచ్చి ఆశ ఒకటి లేచింది. మనసు ఎంత సిగ్గులేనిదో!

ఫిల్ములు వచ్చేసరికి సాయంత్రమైంది. వాటిని వెలుగు పెట్టె మీద పెట్టి చూడాలి, గదిలో దీపాలు ఆర్పి. ఇన్‌స్పెక్టరు టీకి వెళ్ళాడు. కుర్రాళ్ళవి చూశాను, రాశాను. ఒకడు తప్ప అందరూ పాసు. ఆఖరుకు అన్నయ్యది పెట్టాను. పై అంచు పొడుగునా సన్నటి నల్లగీత. తిప్పి పెట్టాను. గీత అక్కడే ఉంది. భూతద్దం పెట్టి చూశాను. లోహం అంటలేదు. ఇంకో మాటకు చోటు లేదు.

తలుపు చప్పుడైంది. గోడ పట్టుకుని అన్నయ్య లోపలికొచ్చాడు.

"ఏమైందే?"

వచ్చి నా పక్కన నిలబడి, వెలుగు పెట్టె మీదికి వంగాడు. తల అటు వాల్చాడు, ఇటు వాల్చాడు.

"ఎక్కడ?"

తన చెయ్యి పట్టుకున్నాను. చూపుడువేలి కొసన బొబ్బ ఎక్కి ఉంది. పక్క వేలు తీసి గీత మొదట్లో పెట్టాను. "ఇక్కణ్ణుంచి," అన్నాను. మెల్లగా జరిపాను. ఫిల్ము నున్నగా ఉంది, వేలికి ఏమీ తెలియదు. అయినా తను ఊపిరి బిగబట్టి వేలు జరగనిచ్చాడు. "ఇక్కడి దాకా."

"అబ్బో," అన్నాడు. "చాలా పొడుగే."

"అన్నయ్యా, ఇన్‌స్పెక్టరు వచ్చి రాసుకుంటాడు. నేను రాయను. నావల్ల కాదు."

"వాడెవడు నా పని మీద రాయడానికి? నువ్వే రాయి."

కాగితం తీసుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి, కళ్ళు తుడుచుకుని రాశాను. సంతకం పెట్టాను. తను నా భుజం మీదనుంచి కాగితంకేసి వంగే ఉన్నాడు.

"రాశావా?"

"రాశాను."

"చదువు."

"వెల్డింగ్ పద్ధతి, చేతి రాడ్డు," అని మొదలుపెట్టాను. "జాయింటు, అడ్డం. ఎక్స్‌రే ఫలితం..." తను కదలకుండా వింటూ నిలబడ్డాడు. మిగతాది కూడా చదివాను.